మాకు బ్రాంచీలు లేవు

మన ఊళ్ళో మద్రాసు తరహా హోటలు బ్రాంచి ఒకటి తెరిచారన్న సంగతి సభ్యులకు మేము వేరే చెప్పనక్కరలేదు. తెరిచిన రోజున మంచు కురుస్తున్నా గుమ్మం బయట వరుసలో నిలుచున్న వారిలో సగానికి సగం మన వాళ్ళే. మేమూ ఉన్నాం. గంటకు పైగా నిలబడి, లోపలికి వెళ్ళి, ఇడ్లీ, మసాలా దోసె తిని, ఫిల్టరు కాఫీ తాగి వచ్చాం. దోసె బాగుంది. కాఫీ ఇంకా బాగుంది. సాంబారు మద్రాసులో ఎలా ఉంటుందో అలాగే ఉంది. అల్లప్పచ్చడి ఉందా అని అడిగితే సర్వరు కుర్రవాడు, మన నెల్లూరు వైపు వాడేనట, "మెనూలో లేదండీ" అని, పళ్ళెం తీస్తూ "మా రూములో చేసుకుంటామండీ" అన్నాడు.

ఆ మాట అక్కడితో పోయేదే. కాని మరుసటి వారం కార్యవర్గం ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. ఈ ఏడు ఉగాది భోజనాలు మనం వండుకోవడం మానేసి ఆ బ్రాంచికి అప్పగించాలని. సర్వసభ్య సమావేశంలో ఓటు పెడతారు కనుక, ముందుగా సభ్యులకు విషయం తెలియజెప్పమని మాకు పురమాయించారు. పురమాయించినంత మాత్రాన మేము ఏ పక్షమూ లేకుండా రాస్తామని ఎవరూ అనుకోకూడదు.

హోటలు ఊరు దాటి వెళ్ళడం మనకు కొత్త సంగతి కాదు. మనలో అరవై దాటిన వాళ్ళని అడగండి. బెజవాడలోనో, గుంటూరులోనో, కర్నూలులోనో నాన్నగారి చెయ్యి పట్టుకుని మొదటిసారి వెళ్ళిన కాఫీ హోటలు ఎవరిది? చాలామంది విషయంలో అది ఉడిపి వారిదే. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయన మనతో తెలుగు, వంటింట్లోకి తుళు మాట్లాడేవాడు. ఇడ్లీ సాంబారు మన తిండే అనుకుంటూ పెరిగాం గాని, అది మన ఊరికి బ్రాంచిగా వచ్చిన తిండి అని అప్పట్లో ఎవరికి తోచింది?

ఉడిపి వారికి ఆ నేర్పు ఎక్కడిదంటే కృష్ణమఠం వంటశాల పేరు చెబుతారు. అక్కడ ఎనిమిది మఠాల వారు రెండేళ్ళకొకరు చొప్పున వంతు తీసుకుని పూజా, అన్నదానమూ నడుపుతారు. ఆ వంతు మారడాన్నే పర్యాయం అంటారు. వండించే స్వామి మారినా పులుసు రుచి మారకూడదు. ఆలోచిస్తే చైను హోటలు వ్యాపారానికి ఇంతకు మించిన శిక్షణ ఏముంటుంది? ఆ ప్రాంతం నుంచి వచ్చి, వంటింట్లో చిన్న పనివాడుగా మొదలుపెట్టిన కె. కృష్ణారావు గారు 1938లో మద్రాసు రాయపేటలో ఉడ్‌లాండ్స్ హోటలు తెరిచారు. తరువాత ఆ పేరు ఎన్ని ఊళ్ళకు పాకిందో మనకు తెలుసు. కథీడ్రల్ రోడ్డు మీద 1962లో వచ్చిన డ్రైవిన్ ఉడ్‌లాండ్స్‌లో, కారు లేకున్నా నడిచి వెళ్ళి పూరీ తిన్న వాళ్ళు మన సంఘంలోనే నలుగురున్నారు. అది 2008లో మూతపడింది. ఆ జాగాలో ఇప్పుడు సెమ్మొళి పూంగా అని ఒక తోట ఉంది.

ఈ కథలో చేదు కూడా ఉంది. దాన్ని దాచిపెట్టి ఇడ్లీ మీద పొగడ్తలు రాయడం మాకు ఇష్టం లేదు. ఆ కాలపు హోటళ్ళు చాలావాటికి 'బ్రాహ్మణ' అన్న మాట బోర్డు మీదే ఉండేది. కొన్నిచోట్ల కూర్చునే గదులూ వేరే. 1957లో మద్రాసు ట్రిప్లికేనులోని మురళీ కఫే బోర్డు మీద ఆ మాట తీసివేయాలని పెరియార్ ఇ.వి. రామస్వామి ఆందోళన నడిపారు. పక్క ఊరికి వెళ్ళిన హోటలు రుచితో పాటు తన పంక్తినీ మోసుకువెళ్ళింది. పంక్తి పోయి బల్లలు ఒక్కటి కావడానికి ఎవరో వీధిలో నిలబడవలసి వచ్చింది.

బెంగుళూరు మావళ్ళి టిఫిన్ రూమ్స్ వారిది మరో దారి. 1924లో మొదలైన ఈ ఎం.టి.ఆర్. చాలాకాలం ఊరు కదలలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో బియ్యానికి కరువు వచ్చినప్పుడు బొంబాయి రవ్వతో ఇడ్లీ వేసి చూశారు. ఇప్పుడు మనం పండగ పలహారంలా తినే రవ్వ ఇడ్లీ అలా కరువులో పుట్టిందన్న మాట. ఎమర్జెన్సీ రోజుల్లో ప్రభుత్వం హోటలు తిండికి ధరలు కట్టడి చేస్తే, ఆ ధరకు ఆ నాణ్యత ఇవ్వలేమని హోటలు మూసి, పనివాళ్ళను వదులుకోకుండా పొడులూ, పిండి కలుపులూ పొట్లాలు కట్టి అమ్మడం మీద పడ్డారు. మన అలమరల్లో ఈనాటికీ ఉండే పొట్లం చరిత్ర అది. హోటలు కంటే ముందు పొట్లం సముద్రం దాటింది. 2007లో ఆ పొట్లాల వ్యాపారాన్ని నార్వేకు చెందిన ఓర్క్లా కంపెనీ కొనుక్కుంది. హోటళ్ళు మాత్రం కుటుంబం చేతిలోనే ఉండిపోయాయి. 2013లో సింగపూరు సెరంగూన్ రోడ్డులో బ్రాంచి పెట్టారు. ఒకే పేరు, పొడి ఒకరిది, పొయ్యి మరొకరిది. ఆస్తి పంపకాల్లో ఇటువంటి చిత్రం మన ఇళ్ళలో కూడా చూశాం లెండి.

శరవణ భవన్ గురించి రాయకపోతే సభ్యులు ఊరుకోరు. 1981లో మద్రాసు కె.కె. నగర్‌లో మొదలై 2000లో దుబాయికి, అక్కడి నుంచి మరెన్నో దేశాలకు వెళ్ళింది. పనివాళ్ళకు వసతి, వైద్యం, పిల్లల చదువులకు సాయం చేస్తారని పేరు. స్థాపించిన పి. రాజగోపాల్‌కు హత్యకేసులో యావజ్జీవ శిక్ష పడి, 2019లో సుప్రీం కోర్టు దానిని ఖాయపరచిన కొద్ది నెలలకే ఆయన మరణించారు. హోటళ్ళు నడుస్తూనే ఉన్నాయి, సాంబారూ అదే సాంబారు. మాకు ఇది కొంచెం భయం గొలిపే సంగతిగానే తోచింది. కాని చైను అంటే అర్థం ఇదే. వండిన చెయ్యీ, కూర్చున్న యజమానీ ఎవరన్నది పళ్ళెంలో తెలియకూడదు.

ఇక మన ఊరి బ్రాంచి వంటిల్లు. మేనేజరుగారు మంచివారు. మేము ఫలానా పత్రిక వాళ్ళమంటే లోపలికి తీసుకువెళ్ళి చూపించారు. మేము ఊహించినట్టు అక్కడ పిండి రుబ్బే రాయి లేదు. పిండి మూడు గంటల ప్రయాణం దూరంలో ఉన్న పెద్ద వంటశాలలో తయారై చల్లని వ్యానులో వారానికి రెండుసార్లు వస్తుంది. సాంబారు పొడి ఇండియాలో కలిపి పొట్లాల్లో పంపుతారు. ఏ గిన్నెకు ఏ పొట్లం, ఎన్ని నీళ్ళు అన్నది గోడ మీద కాగితం. దోసె గరిటెకు కూడా కొలత ఉంది. కొలత లేనిది ఒక్కటే, పెనం. దాని మీద నీళ్ళు చిలకరించి, ఆ చిటపట విని, ఇప్పుడు పిండి వెయ్యవచ్చా లేదా అని చెప్పే మనిషి కావాలి. ఆ మనిషి కోసమే ఆ బ్రాంచి అనుకున్న దానికంటే ఆలస్యంగా తెరిచారట. పెనం కస్టమ్సు దాటింది గాని పెనం దగ్గరి మనిషి వీసా దాటలేదు.

ఈ వీసా సంగతిలో మనకు పనికివచ్చే కోర్టు కేసు ఒకటుంది. దానికీ మన తిండికీ సంబంధం లేదు గాని వినండి. బ్రెజిల్లో 1979లో పుట్టిన ఫోగో డి షావ్ అనే మాంసాహారపు హోటళ్ళ చైను 1997లో టెక్సాసులోని డల్లాసు దగ్గర అమెరికాలో మొదటి బ్రాంచి పెట్టింది. అక్కడి పశువుల కాపరుల పద్ధతిలో నిప్పుల మీద మాంసం కాల్చే వంటవాళ్ళను బ్రెజిల్ నుంచే తెప్పించుకునేది. ప్రత్యేక పరిజ్ఞానం ఉన్న ఉద్యోగులకు ఇచ్చే వీసా మీద చాలామంది వచ్చాక, ఒకరి విషయంలో ప్రభుత్వం కాదంది. పుట్టి పెరిగిన ఊళ్ళో, ఇంట్లో చూసి అబ్బిన విద్య కంపెనీ నేర్పిన పరిజ్ఞానం కిందికి రాదన్నది ప్రభుత్వం వాదన. 2014లో వాషింగ్టన్ అప్పీలు కోర్టు, సంస్కృతి వల్ల అబ్బిందన్న ఒక్క కారణంతో దాన్ని లెక్కలోంచి తీసివేయడం చెల్లదని తీర్పు చెప్పి, మళ్ళీ పరిశీలించమంది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకరు విభేదించారు. ఆయన బ్రెట్ కావనా, తరువాత సుప్రీం కోర్టుకు వెళ్ళారు.

మేము న్యాయశాస్త్రం చదవలేదు. కాని ఆ ప్రశ్న మాత్రం మనదే అనిపించింది. చూసి అబ్బింది పరిజ్ఞానమా కాదా? మనమంతా పులిహోర పిన్నిగారు అని పిలుచుకునే ఆవిడను ఎప్పుడైనా కొలతలు అడిగారా? "చింతపండు చూసి వెయ్యాలమ్మా, ఏ ఏటి చింతపండో" అంటారు. గోడ మీద కాగితం అతికించడానికి పనికిరాని జవాబు. చైను హోటలు ఆవిడను ఉద్యోగంలోకి తీసుకోదు. తీసుకుంటే ఆవిడ ఉన్న బ్రాంచి ఒక్కటీ మిగతావాటికంటే బాగుంటుంది, అది వాళ్ళకు నష్టం.

మరి మన తిండి ఎందుకు బ్రాంచీలు పెట్టలేదు? ఇది కొందరు సభ్యులు రోషంతో అడిగే ప్రశ్న. పెట్టింది, దగ్గర దారిలో. బెంగుళూరులో ఆంధ్రా భోజనం హోటళ్ళు, రెసిడెన్సీ రోడ్డు నాగార్జున వంటివి, 1980ల నుంచీ కన్నడం వారికి కారం అలవాటు చేస్తున్నాయి. కాకినాడ సుబ్బయ్య హోటలు వారి బుట్ట భోజనం హైదరాబాదుకు వచ్చింది. సముద్రం దాటకపోవడానికి మాకు తోచిన కారణం ఏమిటంటే, ఉడిపి వారు మోసుకెళ్ళింది టిఫిను, మనది భోజనం. టిఫిను ఒక పళ్ళెంతో అయిపోతుంది. భోజనంలో ముద్దపప్పు, గోంగూర, నెయ్యి, పులుసు, పెరుగు ఒకదాని వెంట ఒకటి రావాలి. రెండోసారి వడ్డించాలి. "ఇంకొంచెం వేయించుకోండి" అనే మనిషి వెనకాల నిలబడాలి. ఈ దేశపు గంటకూలీల లెక్కలో ఆ మనిషిని నిలబెట్టి బతికిన హోటలును మేము చూడలేదు. పైగా పప్పు దగ్గరే మనకు ఏకాభిప్రాయం లేదు. గోదావరి వారి పులుసు రాయలసీమ వారికి పానకం, తెలంగాణ వారి సకినాలు కోస్తా వారికి కొత్త. ఏ ఒక్కదాన్నీ 'ఇదే తెలుగు తిండి' అని బోర్డు కట్టలేం.

కట్టగలిగింది ఒక్క బిర్యానీకే. 1953లో సికింద్రాబాదులో సినిమా హాలు పక్కన చిన్న క్యాంటీనుగా మొదలైన పారడైజ్ ఇప్పుడు ఎన్నో నగరాల్లో ఉంది. ఇక ఈ దేశంలో హైదరాబాదు పేరు తగిలించిన బిర్యానీ హోటళ్ళకు లెక్క లేదు. కొన్నింటి పేర్లు అక్కడి పేరుపడ్డ హోటళ్ళ పేర్లే, చుట్టరికం మాత్రం లేదు. అందుకే హైదరాబాదులో కొన్ని పాత హోటళ్ళ ముందు 'మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు' అన్న బోర్డు కనబడుతుంది. ఒకప్పుడు అది నకిలీల మీద హెచ్చరిక. పోయినసారి వెళ్ళినప్పుడు చదివితే మాకది బిరుదులా తోచింది. ఢిల్లీ ఆంధ్ర భవన్ క్యాంటీనుకు ఆ బోర్డు కూడా అక్కరలేదు, బయట నిలబడ్డ జనమే బోర్డు.

ఇప్పుడు మన ఓటు సంగతి. అప్పగించాలన్న వారి మాటల్లో న్యాయం లేకపోలేదు. ఇన్నాళ్ళూ వండిన చేతులకు డెబ్బై ఏళ్ళు వచ్చాయి. గంగాళం ఎత్తబోయి ఒకరు నడుము పట్టేసి మూడు వారాలు మంచం మీద ఉన్నారు. మనకు హాలు ఇచ్చే స్కూలు వారు ఇకమీదట లైసెన్సు ఉన్న వంటింట్లో వండినదే తేవాలంటున్నారు. చల్లనిది 41 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు, వేడిది 135 డిగ్రీల పైన ఉండాలి, మధ్యలో గంటల తరబడి ఉంచకూడదు. ఇది ఈ దేశంలో చాలాచోట్ల హోటళ్ళకు ఉన్న నియమమే, మన మీద కక్ష కాదు. చిక్కు ఎక్కడంటే, పులిహోర జీవితమంతా ఆ మధ్యలోనే. రాత్రి కలిపి, పొద్దునకి ఊరాక తింటేనే అది పులిహోర. ఫ్రిజ్జులో పెడితే పలుకు బిగుసుకుంటుంది, వేడి చేస్తే చిత్రాన్నం అవుతుంది.

అప్పగించకూడదన్న వారు రుచి గురించి మాట్లాడుతున్నారు గాని, మా లెక్కలో అసలు సంగతి రుచి కాదు. ఉగాది ముందు రోజు శనివారం. మనం పొద్దున తొమ్మిదికి చేరతాం. నలభై పౌనుల వంకాయలు ముందు పోసుకుని కూర్చుంటాం. కొత్తగా వచ్చిన స్టూడెంటు కుర్రాళ్ళకు కత్తి ఇచ్చి, గుత్తి విడిపోకుండా ఎలా కొయ్యాలో చూపిస్తాం. మా సంపాదకవర్గంలో ఒకరికి ఈ దేశంలో మొదటి ఉద్యోగం దొరికింది ఆ వంకాయల దగ్గరే; పక్కన కూర్చున్నాయన కంపెనీలో ఖాళీ ఉందని చెప్పారు. పోయిన ఏడు భర్త పోయిన మన సభ్యురాలు ఒకరు నాలుగు నెలల తరువాత ఇంట్లోంచి బయటికి వచ్చింది కొబ్బరి తురమడానికే. "వచ్చి తినండి" అంటే ఆవిడ వచ్చేవారు కాదు. "కొబ్బరి తురిమే వాళ్ళు లేరు, మీరు రావాలి" అంటే వచ్చారు. బ్రాంచి నుంచి అల్యూమినియం ట్రేలు వస్తే ఆవిడను ఏ పని మీద పిలుస్తాం?

ఇదంతా పిన్నిగారితో ఫోనులో అంటే ఆవిడ ఎటూ తేల్చలేదు. "వాళ్ళ దోసెలు బాగానే ఉన్నాయిటగా, ఆ పిల్లలూ బతకాలి కదా" అన్నారు. తరువాత, ఆ నెల్లూరు కుర్రాడు ఉగాదికి తీరిక చేసుకోగలడా కనుక్కోమన్నారు. మేము కనుక్కున్నాం. ఆ రోజు అతనికి రెండు షిఫ్టులూ ఉన్నాయి. ముందు రోజు శనివారం మధ్యాహ్నం మాత్రం రెండు గంటలు ఖాళీ. రావాలని ఉందన్నాడు. అల్లప్పచ్చడి తానే నూరతానన్నాడు, బెల్లం మాత్రం మంచిది చూసి ఉంచమన్నాడు.

మా సంపాదకవర్గం ప్రతిపాదన ఇది. ఇడ్లీ, వడ, సాంబారు, కాఫీ ఆ బ్రాంచి నుంచి తెప్పిద్దాం. అవి వాళ్ళు మనకంటే బాగా చేస్తారు, పైగా మన నడుములు మిగులుతాయి. గుత్తివంకాయ, పులిహోర, ఉగాది పచ్చడి, అల్లప్పచ్చడి మనమే చేద్దాం. గుడి వారి వంటశాలకు లైసెన్సు ఉంది, శనివారం అద్దెకు ఇస్తామన్నారు. పులిహోర చిక్కుకు కూడా ఒక దారి కనబడుతోంది. జపాను వారి సుషీ అన్నానికి ఇదే ఇబ్బంది వస్తే, వెనిగరు కలిపిన ఆ అన్నపు పిహెచ్ అంకె 4.6 కంటే తక్కువని చూపించి, అధికారుల అనుమతి మీద బయట ఉంచుకుంటున్నారు. వెనిగరుకు ఉన్న గౌరవం చింతపండుకు ఎందుకు ఉండకూడదు? మన సభ్యుల్లో రసాయనశాస్త్రం వారు ఒకరు ఈ ఆదివారం పిన్నిగారింటికి పరీక్ష కాగితాలు పట్టుకువెళుతున్నారు. అంకె తగినంత దిగువన వస్తే కౌంటీ ఆరోగ్యశాఖకు దరఖాస్తు పెడతాం. రాకపోతే ఇంకొంచెం పులుపు దట్టించడానికి పిన్నిగారు ఒప్పుకోవాలి, ఆ పని ఆరోగ్యశాఖను ఒప్పించడం కంటే కష్టమని మా భయం.

సమావేశం వచ్చే నెల మొదటి ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు, మామూలు చోటే. ఓటు ఎటు పోయినా వేపపువ్వు ముందే చూసుకోవాలి. కాలిఫోర్నియా, ఫ్లోరిడా వైపు చుట్టాలున్న వారు ఇప్పుడే ఉత్తరం రాసి ఉంచండి. శనివారం వంటకు రాగలిగిన వారు పేర్లు కార్యదర్శిగారికి ఇవ్వండి. కొబ్బరి తురిమేందుకు ఇప్పటికి ఒక్కరే ఉన్నారు, ఇంకొకరు కావాలి.